షామీర్‌పేటలో వదిలితే మియాపూర్‌లో వాలాయి

మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ తొమ్మిదో అంతస్తులో అద్దెకుంటున్న పాఠకురాలు రాసిన ఉత్తరం ఈ వ్యాసానికి కారణం. వాళ్ల బాల్కనీలో, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక పావురాల జంట గూడు కట్టడం మొదలుపెట్టింది. ఎటు చూసినా రెట్ట, ఈకలు. తెల్లారకముందే గుర్‌గుర్‌మని మోత. నెట్ కట్టిద్దామంటే గోడకు మేకు కొట్టొద్దని ఇంటి ఓనరు. చివరికి ఒక ఆదివారం పొద్దున ఆమె భర్త రెండు పక్షులనూ దుప్పటి కప్పి పట్టి, అట్టపెట్టెలో పెట్టి, కారులో షామీర్‌పేట చెరువు దాకా తీసుకెళ్లి వదిలేశారు. చుట్టాలింట్లో భోజనం చేసి సాయంత్రానికి ఇల్లు చేరేసరికి రెండూ అదే యూనిట్ మీద కూర్చుని ఉన్నాయి. అవేనని గుర్తుపట్టడం కష్టం కాలేదు, ఒకదాని ఎడమ కాలికి ఒక వేలు లేదు. "పెట్టె మూసే ఉందండీ, అవి దారి చూసే వీలే లేదు. మరెలా వచ్చాయి?" అని ఆమె ప్రశ్న.

ముందు ఆ వేలి సంగతి. నగరాల్లో వేళ్లు పోయిన పావురాలు ఎక్కువగా కనిపించడానికి కారణం జబ్బులని చాలామంది అనుకునేవారు. 2019లో పారిస్ పరిశోధకులు లెక్క తీస్తే, క్షౌరశాలలు ఎక్కువున్న వీధుల్లో వేళ్లు తెగిన పావురాలూ ఎక్కువని తేలింది. నేలమీది వెంట్రుకలు, దారాలు కాళ్లకు చుట్టుకుని బిగిసి, రక్తం ఆడక వేలు ఎండి ఊడిపోతుంది.

ఇక అసలు పక్షి. మన బాల్కనీ పావురం మూలాలు కొండ చరియల్లో ఉన్నాయి. కొండ అంచుకీ, తొమ్మిదో అంతస్తులో ఏసీ కోసం కట్టిన సిమెంటు పలకకీ దాని కంటికి తేడా లేదు. గూటికి నాలుగు పుల్లలు చాలు. రెండు గుడ్లు పెడుతుంది, పద్దెనిమిది రోజులు అటూఇటుగా పొదుగుతుంది, మరో నెలకు పిల్లలు ఎగిరిపోతాయి. తల్లీ తండ్రీ రెండూ మేతతిత్తిలో ఊరే పాల లాంటి పదార్థాన్ని పిల్లలకు పెడతాయి. ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం అంత తేలిగ్గా దొరకలేదు, నూరేళ్లకు పైగా మహామహులు తప్పటడుగులు వేశారు.

ఆ వరసలో డార్విన్ కూడా ఉన్నాడు. లండన్ పావురాల క్లబ్బుల్లో చేరి, ఇంట్లో రకరకాల జాతులను పెంచిన మనిషి. వెళ్లేదారిలో ఎన్ని మలుపులు తిరిగిందో జంతువు తనకు తెలియకుండానే లెక్క వేసుకుంటుందేమోనని 1873లో 'నేచర్' పత్రికకు రాశాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ తర్వాతి రోజుల్లో పావురాలకు మత్తుమందిచ్చి, దారి తెలియకుండా తీసుకెళ్లి వదిలినా ఇల్లు చేరాయి. కనుక మియాపూర్ అట్టపెట్టె మూసి ఉండటం వాటికి అడ్డే కాదు.

జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ క్రేమర్ 1950లలో ప్రశ్నను రెండుగా చీల్చాడు. ఇల్లు చేరాలంటే ఇల్లు ఏ దిక్కున ఉందో తెలియాలి, అది పటం పని. ఆ దిక్కు ఎటో తెలియాలి, అది దిక్సూచి పని. దిక్సూచి సూర్యుడేనని గోరింకల జాతి పక్షులతో ఆయనే చూపించాడు. 1959లో దక్షిణ ఇటలీలో అడవి పావురాల పిల్లల కోసం కొండ చరియ ఎక్కుతూ జారిపడి చనిపోయాడు. ఆయన సహచరుడు క్లాస్ ష్మిట్-కోనిగ్ పావురాలను కొన్నాళ్లు చీకటి గదిలో ఉంచి, దీపాలతో వాటి పగటిని ఆరు గంటలు జరిపాడు. బయట వదిలితే దాదాపు 90 డిగ్రీలు పక్కకు తప్పాయి. లోపలి గడియారం తప్పితే సూర్యుణ్ణి చదవడమూ తప్పుతుందన్నమాట. మబ్బు పట్టిన రోజున మాత్రం అలా గడియారం జరిపిన పావురాలు సరైన దారినే పట్టాయని కార్నెల్ విశ్వవిద్యాలయంలో విలియం కీటన్ గమనించాడు. సూర్యుడు లేకపోతే భూమి అయస్కాంత శక్తిని వాడుకుంటాయని తేలింది.

దిక్సూచి తేలింది. పటం ఎక్కడ? ఈ ప్రశ్నకు దొరికిన జవాబు పక్షి శాస్త్రంలోకెల్లా సొగసైనది.

1970ల మొదట్లో పీసా విశ్వవిద్యాలయంలో ఫ్లోరియానో పాపీ, ఆయన సహచరులు కొన్ని పావురాల వాసన నరాన్ని కోసి దూరంగా వదిలారు. ఎటెళ్లాలో వాటికి తెలియలేదు. ముక్కుతో దారి కనుక్కోవడమంటే అప్పట్లో చాలామందికి నమ్మశక్యం కాలేదు. పక్షులకు వాసన తెలియదని 1820లలో అమెరికాలో పక్షుల చిత్రకారుడు ఆడుబాన్ దాచిపెట్టిన కళేబరాలతో 'నిరూపించినప్పటి' నుంచీ ఆ అపోహ పాతుకుపోయింది. నిజానికి ఆయన ప్రయోగంలో చిక్కినవి చూపు మీద ఎక్కువగా ఆధారపడే రాబందులు.

పాపీ ఊహ ఇది. పెంపుడు పావురాల గూటిలో పెరిగే పిల్ల నెలల తరబడి గాలి పీలుస్తుంది. ఉత్తరపు గాలి ఒక వాసనల కలయికను తెస్తుంది, పడమటి గాలి మరొకదాన్ని. ఏ వాసన ఏ వైపు నుంచి వస్తుందో మెదడులో ముద్ర పడుతుంది. తర్వాత కొత్త చోట వదిలినప్పుడు అక్కడి గాలి వాసన చూస్తుంది. 'ఇది మా గూటికి ఉత్తరం నుంచి వచ్చే వాసన, అంటే నేను ఉత్తరాన ఉన్నాను, దక్షిణానికి ఎగరాలి' అనే లెక్క తేలుతుంది. దక్షిణం ఎటో సూర్యుడు చెబుతాడు.

ఊహ చెప్పడం తేలిక, పరీక్షించిన తీరు చూడాలి. గూళ్ల చుట్టూ చెక్క రెక్కలు బిగించి, లోపలికొచ్చే గాలిని పక్కకు మళ్లించారు. అక్కడున్న పావురాలు అదే లెక్కన పక్కదారి పట్టాయి. 1990లో పీసాలోనే యొయాలే బృందం ఇంకో అడుగు వేసింది. గూటి మీదికి ఒకే దిక్కు నుంచి ఫ్యాను పెట్టి బెంజాల్డిహైడ్ వాసనను, అంటే బాదం గింజల వాసనను, పంపారు. తర్వాత ఆ పావురాలకు అదే వాసన చూపిస్తూ వదిలితే, అసలు ఇల్లు ఎటున్నా సరే, ఆ ఫ్యాను ఉన్న దిక్కుకు వ్యతిరేక దిశలో ఎగిరాయి! బాదం వాసన వచ్చే చోట ఉన్నామనుకున్నాయి పాపం. మనుషులు అల్లిన అబద్ధపు పటాన్ని పక్షి అక్షరాలా నమ్మింది.

వాసన దారి చూపదు, పక్షిని హుషారు చేస్తుందంతే అని 2009లో కొందరు వాదించారు. ఆ వాదన నిజమైతే ఫ్యానుకు వ్యతిరేక దిశలో ఎందుకు ఎగిరాయో చెప్పాలి. ఈ వ్యాసకర్తకు అక్కడ సందేహం మిగల్లేదు.

ముక్కులో అయస్కాంతం ఉందన్న వాదనది ఇంకా ఆసక్తికరమైన కథ. పావురం పై ముక్కులో ఇనుము నిండిన నాడీకణాలున్నాయని 2003లో ఒక జర్మన్ బృందం ప్రకటిస్తే పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. పీసాలో అన్నా గాల్యార్డో 2006లో కొన్ని పావురాలకు ముక్కు స్పర్శతో పాటు ఆ కణాల కబురునూ మోస్తుందన్న నరాన్నీ, మరికొన్నిటికి వాసన నరాన్నీ కోసి వదిలారు. మొదటివి హాయిగా ఇల్లు చేరాయి, రెండోవి దారి తప్పాయి. 2012లో వియన్నాలో డేవిడ్ కీస్ బృందం ఆ ఇనుప కణాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అవి నాడీకణాలే కావు. పాత రక్తకణాల ఇనుమును మింగి దాచే మాక్రోఫేజ్‌లు. అయస్కాంత శక్తిని పావురం ఎక్కడ పసిగడుతుందన్నది ఇంకా తేలని ప్రశ్నే.

ఇంటికి దగ్గరపడ్డాక పని చేసేవి కళ్లే. అక్కడా వింతలున్నాయి. రోమ్ దగ్గర పావురాలకు జీపీఎస్ కట్టి చూస్తే, అవి హైవే వెంట ఎగురుతూ వచ్చి జంక్షన్ దగ్గర మలుపు తిరిగాయని 2004లో హాన్స్-పీటర్ లిప్ బృందం రాసింది. ఇల్లు చేరే ఈ పట్టుదలను నమ్ముకునే మన పొరుగున ఒడిశా పోలీసులు 1946 నుంచి కోరాపుట్ కొండల్లో పావురాలతో ఉత్తరాలు పంపించారు. వీధి పావురానికి ఆ టపా పావురాలంత దమ్ము ఉండకపోవచ్చు, అయినా షామీర్‌పేట నుంచి మియాపూర్ దానికి పెద్ద దూరమేమీ కాదు.

ఇదంతా తెలిశాక పావురాలను ఊరవతల వదిలిరావడం పెట్రోలు దండగ. చోటు మూయాలి. యూనిట్ మీద, పలక మీద ఏటవాలుగా రేకో చెక్కో పెడితే కాలు నిలవదు. గింజలు చల్లకూడదు. యాభై మిల్లీమీటర్ల కన్నుల నెట్‌ను మేకులు లేకుండా గ్రిల్‌కే బిగించవచ్చు, ఓనర్లు దానికీ అడ్డు చెప్పడం అన్యాయం. ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల్లో అలర్జీ జబ్బు రావచ్చు. అద్దెకున్నవాళ్లు దాన్ని భరించాలనే నియమమేదీ లేదు. రెట్టను తడిపి, మాస్కు పెట్టుకుని తీయాలి. గుడ్లు కనిపిస్తే మాత్రం పిల్లలు ఎగిరేదాకా ఆగి అప్పుడు మూయాలి.

నెట్ కట్టేవాళ్లు కోసి పారేసిన దారపు ముక్కలను దగ్గరుండి ఏరించండి. ఆ ఎడమ కాలి వేలు పోయింది అలాంటి దారానికి చిక్కుకునే కావచ్చు.