ఊరు విడువవలెనా?



మా ప్రాంతమున ‘సుగ్గి’ యను మాట యొకటి కలదు. మా పొరుగుననున్న కన్నడదేశమున దీనికి కోతలకాలమనియు, పంట యింటికి వచ్చిన సంబరమనియు నర్థము. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలలో మాత్రము ‘సుగ్గికి పోయినారు’ అనిరేని ఆ యింటివారు తలుపునకు తాళమువేసి, పరుల పంట కోయుటకై గుంటూరు సీమకు తరలిపోయిరని తెలిసికొనవలెను. పుష్యమాసమున ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరుని రథము కదలునప్పటికే అనేక గ్రామములలో ముసలివారును, మేకలును, కొందరు పిల్లలును మాత్రమే మిగిలియుందురు. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళము, మంత్రాలయము వైపు పల్లెలలో ఈ సంగతి యెవ్వరికిని వింత గాదు.

మా యింటికి యేటేట జొన్నలు తెచ్చియిచ్చు కుటుంబ మొకటి కలదు. వారి యూరు ఎమ్మిగనూరునకు పది కిలోమీటర్ల దూరము. గడచిన మార్గశిరమున ఆ యింటి కోడలు చంకలో ఎనిమిదినెలల మగబిడ్డను, వేలు పట్టుకొని ఆరేండ్ల కూతురును తోడ్కొని మా యింటికి వచ్చెను. జొన్నలు తేలేదు. ఆ యేడు జొన్నలే లేవు. కొంతసేపు ఊరక కూర్చుండి, పిమ్మట, “అక్కా, పోదామంటాడు మీ తమ్ముడు. సుగ్గికి కాదు, బెంగళూరికే పోయి ఆడనే ఉండిపోదామంటాడు. మా యత్త వద్దంటాది. నాకేమో దిక్కు తెలీకుండా ఉండాది. మీరు నాలుగక్షరాలు చదువుకున్నోళ్ళు, ఒక మాట చెప్పండి” అనెను.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. పట్టణములలో కూర్చుండి పల్లెను విడువవలదని యుపదేశించుట సులభము. మా బంధువర్గమున కుర్రవాడు విదేశమునకు పోయినచో దానిని వృద్ధి యని చెప్పుకొందుము. ఈమె భర్త గుంటూరు పోయినచో వలస యని జాలిపడుదుము. ఆ జాలి వారి కేమి పనికివచ్చును? కావున ముందుగా ఆమెచేతనే లెక్క చెప్పించితిని.

వారికి మూడెకరముల రేగడి భూమి గలదు. నీటివసతి లేదు. తుంగభద్ర దిగువకాలువ ఆ వైపుననే పోవుచున్నను వారి పొలమునకు అందదు. కాలువ చివరనున్న పొలముల వారికి సహితము అందుట దైవాధీనమే. 2024 ఆగష్టు 10వ తేది రాత్రి హోసపేట యొద్ద ఆనకట్ట 19వ తలుపు కొట్టుకొనిపోయి, నిలువయున్న నీరు నదిపాలగుచుండగా, కాలువ క్రింది రైతులెల్లరును నిద్ర లేకుండిరి. మెట్టరైతునకు ఆ దిగులు సయితము లేదు. అతని దిగులెల్ల మబ్బు మీదనే. విత్తినపిదప పక్షము దినములు చినుకు లేనిచో మొలక మాడును. ప్రత్తి విచ్చువేళ ముసురు పట్టినచో దూది నల్లబడును. వీరి ప్రత్తికి ఆ యేడు గులాబీపురుగు సోకెను. విత్తులకును, మందులకును తెచ్చిన అప్పునకు వడ్డీ పెరుగుచుండెను.

ఇది ఒక్క యింటి దురదృష్టము గాదు. 1876-78 నాటి మహాక్షామమున, నాడు బళ్ళారి జిల్లాలోనుండిన ఈ సీమ మిక్కిలి నష్టపడినది. 1953 అక్టోబరు 1వ తేదిని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరినవి. 2022లో నంద్యాల వేరు జిల్లా కాగా, నీటివసతి మెండుగా నున్న భాగ మటు పోయి, కర్నూలు జిల్లాకు ఈ మెట్టభూములే అధికముగా మిగిలినవి. పాలకులు మారిరి, సరిహద్దులు మారినవి, మబ్బు మారలేదు.

అయినను ఇచ్చటనే నిలిచి బ్రతుకుటకు త్రోవ చూపినవారు లేకపోలేదు. కరవుతో మగ్గములు మూలబడిన దినములలో, 1938లో, మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున చేనేత సహకార సంఘమును స్థాపించి, నేతవారికి నూలిచ్చి, నేసిన బట్ట తీసికొని, కూలి చేతికిచ్చు నేర్పాటు చేసిరి. దుప్పట్లును, తువాళ్ళును ఎమ్మిగనూరి పేరుతో దూరప్రాంతములలో అమ్ముడుపోయినవి. 1954లో వారికి పద్మశ్రీ లభించెను. నా చిన్ననాట మా వీథిలో తెల్లవారుజామున మగ్గముల చప్పుడే మేలుకొలుపు. ఇప్పు డా చప్పుడు పలుచబడినది. ఆదోనిలో ప్రత్తివిపణి యున్నది, జిన్నింగు మిల్లులున్నవి; ప్రత్తి వచ్చు నెలలలో అక్కడ కూలిపని దొరకును, తక్కిన నెలలలో దొరకదు. మగ్గము నేర్వని యింట పుట్టిన ఈ దంపతులకు సంఘము దారి తెరువలేదు. మిల్లుపని యేడాది పొడుగున సాగదు. ఈ మాట నేను చెప్పకమునుపే ఆమె చెప్పెను.

ఇక గుంటూరు సంగతి. క్రిందటి సంవత్సరము దంపతులిద్దరును తొంబది దినములు మిరపచేలలో పనిచేసి, తిండి ఖర్చులు పోగా 55 వేల రూపాయలు తెచ్చుకొనిరట. ఆమె యప్పు డయిదు నెలల గర్భిణి. అందులో సగమునకు మించి సంపాదించినది తానే యని ఆమె సిగ్గుపడుచు చెప్పెను. ఇందులో సిగ్గుపడవలసిన దేమున్నది? మిరపకాయ కోయుటకు స్త్రీల వ్రేళ్ళే వేగము. పురుషులు బస్తాలు కుట్టుదురు, మోయుదురు. కావున “మగవాడు పోయి సంపాదించును, ఆడుది యింట నుండును” అను మాట ఈ సుగ్గి విషయమున పనికిరాదు. ఆమె యింట నిలిచినచో ఆదాయము సగము పడిపోవును. పోయినచో చంటిబిడ్డ చేనిగట్టున పడియుండవలెను. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

చేనిగట్టున బిడ్డ యనగా ఏమో చదువరులు కొంద రెరుగకపోవచ్చును. గుడారమనగా నాలుగు కఱ్ఱలమీద కప్పిన పట్టా. వంట, నిద్ర, కాన్పుకూడ ఒక్కొకప్పు డందులోనే. పగలెల్ల మిరప కోసిన చేతులు నీళ్ళతో కడిగినను మంట తీరదు. ఆ ఘాటు నీటిలో కరుగదు, నూనెలో కరుగును. కావున అనుభవముగల స్త్రీలు ముందు నూనె రాచుకొని, పిమ్మట సబ్బుతో కడిగి, అప్పుడు బిడ్డకు పాలిత్తురు. తొందరలో మరచినచో బిడ్డ కన్నులు నలుపుకొని యేడ్చును. కాయలపై చల్లిన పురుగుమందు మాట చెప్పనక్కరలేదు.

అత్తగారిని నేను మరునాడు కలిసితిని. ఆమె వద్దనుటకు కారణము మొండితనమని కోడలు తలంచినది గాని, విచారింపగా వేరొకటి తేలెను. “నేను ముప్పై యేండ్లు సుగ్గికి పోయినానమ్మా. మిరపకాయకు బాధ లేదు. ఏడాదికోసారి తిరిగి ఊరికొస్తాము గదా. బెంగళూరికి పోయినోళ్ళు రారు. ఉరుకుంద ఈరన్న కాడికి శ్రావణంలో ఒక్క సోమారం వచ్చి పోతారు, అంతే. నేను సచ్చినా కబురంపేదానికి ఎవురుంటారు?” అని ఆ వృద్ధురాలు కొంగుతో ముఖము తుడుచుకొనెను. కోడలు గోడకానుకొని వినుచుండెను. ఈ భయమును లెక్కలో వేయకున్నచో లెక్క సరిగాదు.

నా తలంపు దాచుకొనను. చిన్నపిల్లలున్న యింటికి, ఏటేట మూడు నాలుగు నెలలు సగము విడిచిపోవుటకంటె, నిలుచుటయో, పూర్తిగా పోవుటయో మేలని నాకు తోచును. పుష్యమున బడి విడిచి చైత్రమున తిరిగివచ్చిన పిల్ల, తనతోడివారు చదివిన పాఠములు చదువలేదు. రెండేండ్లు అట్లు జరిగినచో బడి యనిన భయపడును; మూడవయేట తమ్ముని ఆడించుటకు చేనికి పోవును; పండ్రెండేండ్లకు తానును కాయలు కోయును; ఆ పిదప పెండ్లి. వలసపోవువారి పిల్లలకొరకు ఆయా నెలలలో వసతిగృహములు నడుపు పద్ధతి ప్రభుత్వము పెట్టినది. తెరచిన యూరిలో అవి మిక్కిలి మేలుచేయును. కాని ప్రతి యూరను, ప్రతి యేడును సకాలమున తెరువరు. ఆరేండ్ల పిల్లను తల్లిలేక అక్కడ పడుకొనబెట్టుటకు ఎంతటి దిటవు కావలెనో తల్లులు మీరే యెరుగుదురు.

పూర్తిగా పోవుదమన్నచో బెంగళూరున కట్టడపు పనులు యేడాది పొడుగున దొరకును. ఆదోనిలో రైలెక్కినచో ఒక రాత్రి ప్రయాణము. మా వైపువారికి కన్నడము కొంత నోట నాడును గనుక మరీ పరదేశము గాదు. కాని రెండు గదులకు అద్దె, కొన్న నీరు, కొన్న కట్టె, పొరుగున చుట్టము లేని బ్రతుకు. ఇచ్చట ఇల్లు సొంతము. బిడ్డను చూచుటకు అత్తగారున్నారు. జొన్నరొట్టెకు పొరుగింటి పచ్చడి దొరకును. వీటికి రూకలలో విలువ కట్టి కాగితముమీద వేయుమంటిని. ఆమె నవ్వి, “అత్తకు రోజుకెంత వేద్దామక్కా?” అనెను. బిడ్డను చూచు దాదికి బెంగళూరున ఎంత యిత్తురో అంత వేయుమంటిని. ఆ అంకె చూచి ఆమె నవ్వు మానెను. అప్పటినుండి అత్తగారితో ఆమె మాటతీరే మారినదని తరువాత వింటిని.

పోదలచినవారికి ఉపయోగపడు సంగతులు కొన్ని యున్నవి. 2019 ఆగష్టులో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల నడుమ మొదలిడి పిమ్మట దేశమంతట వ్యాపించిన యేర్పాటుచే, కేంద్రపు ఆహారభద్రతా చట్టము క్రిందనున్న రేషను కార్డుమీద పొరుగు రాష్ట్రమునకూడ బియ్యము తీసికొనవచ్చును. మనది ఆ కార్డేనా యని ఊరు విడువకమునుపే విచారించుకొనవలెను. కొన్ని కార్డులు రాష్ట్రమువి మాత్రమే. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము, పాత బడినుండి కాగితము రాలేదను సాకుతో కొత్త బడివారు ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లను చేర్చుకొనక నిలుపరాదు. బిడ్డ టీకాల కార్డును మూటలో గాక, ఒంటిమీద డబ్బు దాచుకొను చోటనే దాచుకొనవలెను. తొమ్మిది నెలలు నిండగనే తట్టు టీకా వేయింపవలెను; పదునారు, ఇరువదినాలుగు నెలల నడుమ రెండవసారి. ఏ యూరి అంగన్‌వాడీలోనైనను ఆ కార్డు చూపి అడుగవచ్చును.

మేస్త్రి యిచ్చు బయానా మాటకూడ చెప్పవలెను. చేతిలో పైకము లేనివేళ ముందుగా ఇరువది వేలు కనబడినచో ఎవరికైనను మనసు కరగును. కాని ఆ డబ్బు తీసికొన్నవారు, బిడ్డకు జ్వరము వచ్చినను మధ్యలో తిరిగిరాలేరు. తీసికొనక తప్పనిచో, తీసికొన్నదెంత, రోజుకూలి యెంత, తిరుగు బస్సు ఖర్చెవరిది అను మూడును ఒక కాగితముపై వ్రాయించుకొనుట మంచిది. మేస్త్రి మనయూరివాడే యైనను, మేనమామయే యైనను వ్రాయించుకొనవలెను. మేనమామయైనచో మరింత!

వారి యింట తీర్మానము మూడు దినములకు జరిగెను. భర్త తన తమ్మునితో, మరదలితో గుంటూరు పోవునట్లును, ఈమె బిడ్డకు తట్టు టీకా అగువరకు ఇంటనే యుండి, కూతురు బడి మానకుండ చూచుకొనుచు, చుట్టుపట్ల శనగకోతలకు పోవునట్లును నిశ్చయించుకొనిరి. బెంగళూరు మాట ఉగాదికి వాయిదా వేసిరి. ఆదాయము తగ్గునని యెరిగియే ఆమె ఒప్పుకొనెను. నేను మంచిదంటిని, అయినను ఆ రాత్రి నాకు చాలసేపు నిద్ర పట్టలేదు.

ఫాల్గుణమున ఆమె మరల వచ్చెను. భర్త పంపినది వడ్డీకి సరిపోయెను, అసలు తీరలేదు. బిడ్డ రెండడుగులు వేయుచుండెను. కూతురు మా గోడమీది పంచాంగమున నెలల పేర్లు ఒక్కొక్కటిగా కూడబలుకుకొని చదివెను. తల్లి దానిని వినియు విననట్లు కూర్చుండి, “ఉగాది కాంగానే మీ తమ్ముడొక్కడే బెంగళూరికి పోయి మూడు నెలలు చూసొస్తాడంట అక్కా. అద్దె ఎంతో, బడి ఎంత దూరమో, నీళ్ళు ఎట్లనో, అన్నీ రాసుకొని రమ్మన్నాను. మా యత్తకు రోజుకెంతో అదిగూడ రాసినాను” అని చెంగు ముడి విప్పి, మడతలు పడిన ఆ కాగితమును నాకు చూపెను.