నీళ్లు తేటగా ఉంటే చాలదు

మా పెద్దక్కయ్య, బావగారు విశాఖపట్నంలో ఉంటారు. ఉద్యోగం నుండి రిటైరయ్యాక బావగారు ముందుగదిలో ఆరడుగుల గాజుతొట్టె పెట్టించి, వెయ్యి లీటర్ల ఉప్పునీరు నింపి, తొమ్మిది సముద్రపు చేపలను వదిలారు. పన్నెండు రోజులు తిరగకముందే వాటిలో ఏడు చనిపోయాయి. ఫోనులో అక్కయ్య గొంతు విని మేమిద్దరం ఆ రాత్రి బస్సుకే బయలుదేరాము.

"ఏమయ్యా, నీళ్లు అద్దంలా ఉన్నాయి గదా! చేపలెందుకు చచ్చిపోతున్నాయి?" అని బావగారు గుమ్మంలోనే అడిగారు. చిన్న మనవరాలు తొట్టె దగ్గర కూర్చుని, మిగిలిన రెండు చేపలను చూస్తూ అన్నం కూడా ముట్టలేదట.

భీమవరం దగ్గర రొయ్యల చెరువు చేసుకునే మాకు అనుమానం వెంటనే వచ్చింది. వెంట తీసుకెళ్లిన నీటి పరీక్ష కిట్టుతో చూస్తే అమ్మోనియా బాగా ఎక్కువగా ఉంది. చేపలు విసర్జించేదీ, అవి తినక మిగిలిన మేత కుళ్లేదీ అమ్మోనియాగా మారుతుంది. అది కంటికి కనబడదు. సముద్రపు నీటి పి.హెచ్. 8 దాటి ఉంటుంది గనుక, మంచినీటిలో కన్నా ఇందులో దాని విషం ఎక్కువ.

మరి దీన్ని తీసేదెవరు? సూక్ష్మజీవులే. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. మరొక రకం దానిని అంత హాని లేని నైట్రేటుగా మారుస్తుంది. ఇవి ఫిల్టరులో స్థిరపడి పెరగడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. కొట్టువాడు ఇచ్చిన ఫిల్టరు చెడ్డది కాదు, కొత్తది, అంతే. బావగారు ఆ వారాలు ఆగలేదు.

ఏ ఫిల్టరు మంచిది?

పెద్ద తొట్టెకు ఫిల్టరు మూడు పనులు చేయాలి: మురికిని వడగట్టాలి, సూక్ష్మజీవులకు ఇల్లు కావాలి, నీటిలో కరిగిన జిడ్డును తీయాలి.

బావగారి దగ్గరున్నది మూతబిగించిన డబ్బాలాంటి క్యానిస్టర్ ఫిల్టరు. వడగట్టడంలో దీనికి పేరు పెట్టనక్కరలేదు. అయితే తరచూ కడగకపోతే అందులోనే మురికి కుళ్లుతుంది. కరెంటు పోతే మరీ ప్రమాదం. నీరు ఆగిపోయి, లోపల ప్రాణవాయువు తరిగి, కొన్ని గంటలలో సూక్ష్మజీవులు చనిపోతాయి. కరెంటు రాగానే ఆ చెడ్డనీరంతా తొట్టెలోకి వస్తుంది.

రెండవది సంపు పద్ధతి. తొట్టె పైనుండి పొర్లిన నీరు కింది సంపులోకి దిగి, వడగుడ్డ గుండా, ప్రొటీన్ స్కిమ్మరు గుండా, పింగాణీ ముక్కల గుండా సాగి, పంపు ద్వారా పైకి చేరుతుంది. స్కిమ్మరు సన్నని బుడగలతో జిడ్డును నురుగుగా పైకి తెచ్చి గిన్నెలో పడేస్తుంది. ఉప్పునీటిలో బుడగలు సన్నగా ఏర్పడతాయి గనుక ఇది సముద్రపు తొట్టెకే బాగా పనిచేస్తుంది. ఖర్చు ఎక్కువైనా, వెయ్యి లీటర్లకు ఇదే మేలని తేల్చుకున్నాము. పంపు ఆగినప్పుడు పైనుండి దిగే నీరంతా పట్టేటట్లు సంపులో ఖాళీ ఉంచాము. లేకపోతే ఇల్లంతా ఉప్పునీరే!

కొందరు సముద్రం నుండి పగడపు రాళ్లు తెచ్చి వేయమన్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద పగడాలకు రక్షణ ఉంది. వాటిని తీయడం నేరం. పింగాణీ ముక్కలే చాలు.

రాత్రి తెరిచే నీరు

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1984లో తెరిచిన మాంటెరీ బే అక్వేరియంలో 28 అడుగుల ఎత్తయిన తొట్టె ఉంది. పదకొండు లక్షల లీటర్లకు పైగా నీరు పడుతుంది. ఎదురుగా ఉన్న సముద్రం నుండే నీరు తోడుతారు. పగలు చూసేవారి నిమిత్తం వడగట్టిన నీరు పంపుతారు. రాత్రి మాత్రం వడగట్టని నీరే వదులుతారు. అందులోని సూక్ష్మప్రాణులు తొట్టెలోని జీవులకు ఆహారం. మన కంటికి తేటగా కనబడడం ఒకటి, అందులో బ్రతికే ప్రాణికి మేలు కావడం మరొకటి.

మిగిలిన రెండు చేపలను కొట్టువానికే అప్పగించి, సంపు బిగించి, ఖాళీ తొట్టెలో రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండమని బావగారికి చెప్పి వచ్చాము. ఆరవ వారంలో ఆయనే ఫోను చేశారు. అమ్మోనియా సున్నా, నైట్రైటు సున్నా! అప్పుడు కూడా రెండు చేపలనే వదలమన్నాము; సూక్ష్మజీవులు పెరిగే కొద్దీ మిగతావి. ఆవిరైన నీటికి బదులు మంచినీరే పోయాలనీ, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదనీ, పదిహేను రోజులకొకసారి పదోవంతు నీరు మార్చాలనీ, కరెంటు పోయే వేళకు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఉంచుకోవాలనీ చెప్పాము.

పండుగకు వెళ్లినప్పుడు మనవరాలు మమ్మల్ని చెయ్యి పట్టుకుని తొట్టె దగ్గరకు తీసుకెళ్లింది. చేపలను కాదు, ముందు కింద ఉన్న సంపును చూపించింది. "తాతయ్యా, చేపల ప్రాణం ఇక్కడుంది" అంది.