కాలేజీ బేస్‌బాల్ అంపైరింగ్ క్యాంప్: అసలు తయారీ అంతా ముందే

2025 ఆగస్టు 9న అట్లాంటాలో జెన్ పావల్ మేజర్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్‌కు అంపైర్‌గా మైదానంలోకి దిగారు. ఆ లీగ్ రెగ్యులర్ సీజన్‌లో ఒక మహిళ అంపైరింగ్ చేయడం అదే మొదటిసారి. అంతకుముందు ఆమె కాలేజీ సాఫ్ట్‌బాల్ అంపైర్. ప్రొఫెషనల్ బేస్‌బాల్ వైపు ఆమెకు దారి చూపింది 2015లో సిన్సినాటిలో జరిగిన ఒక అంపైరింగ్ క్యాంప్. అమెరికాలో ఈ పనిలో పైకి రావాలంటే క్యాంప్‌లో కనబడాలి. కాలేజీ స్థాయిలోనూ అంతే.

అక్కడి కాలేజీలు కాన్ఫరెన్సులు అనే బృందాలుగా ఏర్పడి ఆడతాయి. మ్యాచ్‌లకు అంపైర్లను కేటాయించే కోఆర్డినేటర్లు వేరే ఉంటారు. అంపైర్లు నెల జీతగాళ్లు కారు, మ్యాచ్‌కింత అని తీసుకుంటారు. కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ 1 సీజన్ ఫిబ్రవరి మధ్యలో మొదలవుతుంది కాబట్టి చాలా క్యాంపులు అంతకుముందు నెలల్లోనే జరుగుతాయి. కాలేజీ జట్ల ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో క్యాంప్‌కు వచ్చిన అంపైర్లు ఒక్కొక్కరూ వంతులవారీగా కొన్ని ఇన్నింగ్స్ చేస్తారు. అనుభవమున్న శిక్షకులు పక్కనుండి గమనించి, వీడియో తీసి, ఎక్కడ దిద్దుకోవాలో చెబుతారు.

ఆ కొద్ది ఇన్నింగ్స్‌లో వాళ్లు చూసేవి రెండు: ఇప్పుడు ఎలా చేస్తున్నారు, చెప్పిన మాటను తర్వాతి ఇన్నింగ్స్‌కల్లా ఎంత అందుకున్నారు. రెండోదే ఎక్కువ విలువైనదని నా నమ్మకం. ప్రాథమిక విషయాలు ముందే ఒంటబట్టి ఉంటే తప్ప, కొత్త మాట తలకెక్కడానికి చోటుండదు.

ముందు నియమాల పుస్తకం

క్యాంప్‌కు వచ్చేవారిలో చాలామంది హైస్కూల్ మ్యాచ్‌లు చేసి వచ్చినవారే. అక్కడి అలవాటు ఇక్కడ దెబ్బతీస్తుంది. రన్నర్ బేస్ మీద ఉండగా పిచ్చర్ నియమం తప్పి కదిలితే దాన్ని బాక్ అంటారు. హైస్కూల్ నియమాల ప్రకారం బాక్ జరిగిన క్షణమే ఆట ఆగిపోతుంది. కాలేజీలో అలా కాదు. పిచ్చర్ బంతి విసిరేస్తే ఆట సాగనివ్వాలి. బ్యాటర్‌తోపాటు రన్నర్లందరూ కనీసం ఒక్కో బేస్ ముందుకు వెళితే ఆ బాక్‌ను పట్టించుకోరు. పాత అలవాటు కొద్దీ చేతులెత్తి ఆట ఆపేసిన అంపైర్, బ్యాటర్ కొట్టిన హోమ్ రన్‌ను చేజేతులా చెరిపేసినవాడవుతాడు. అందుకే పుస్తకం మొత్తాన్ని బట్టీ పట్టడం కన్నా, రెండు స్థాయుల నియమాలు విడిపోయే చోట్లను రాసుకుని, రోజూ కొన్ని చదవడం మేలు.

నిలబడే చోటు, వినే చెవి

క్రికెట్ చూసే మనకు అంపైర్ అంటే దాదాపు ఒకేచోట నిలబడే మనిషి. బేస్‌బాల్‌లో ఇద్దరే అంపైర్లుంటే బ్యాటర్ బంతిని కొట్టిన ప్రతిసారీ ఇద్దరికీ పరుగే. మొదటి బేస్ మీద మాత్రమే రన్నర్ ఉన్నప్పుడు బ్యాటర్ హిట్ కొడితే, బ్యాటర్ నిలబడే ప్లేట్ వెనక ఉండే అంపైర్ ఎడమచేత్తో మాస్క్ తీసి మూడో బేస్ వైపు పరిగెత్తాలి. నేను అక్కడికి వస్తున్నానని సహచరుడికి గట్టిగా చెప్పాలి. ఏ సందర్భంలో ఎవరు ఎటు వెళ్లాలో కాగితం మీద గీసుకుని, ఖాళీ మైదానంలో నడిచి చూసుకోవాలి.

మొదటి బేస్ దగ్గర తీర్పు మరీ సున్నితమైనది. బ్యాటర్ కాలు ముందు బేస్‌ను తాకిందా, బంతి ముందు ఫీల్డర్ గ్లోవ్‌లో పడిందా? రెండింటినీ కళ్లతో ఒకేసారి పట్టుకోలేం. అంపైర్ త్రో వచ్చే దారికి లంబంగా, బేస్‌కు పదిహేను పద్దెనిమిది అడుగుల దూరంలో నిలబడతాడు. త్రో సరిగ్గా వస్తోందని తెలియగానే చూపు బేస్ మీదికి దించుతాడు. కాలును కంటితో చూస్తాడు, గ్లోవ్‌లో బంతి పడిన చప్పుడును చెవితో పట్టుకుంటాడు. బంతి చేతిలో నిలిచిందని చూసుకున్నాకే చెయ్యి ఎత్తుతాడు. ఆ క్షణానికి ఒళ్లు కదలకుండా ఉండాలి. పరిగెత్తే మనిషికి చూపు కుదురుగా ఉండదు.

ప్లేట్ వెనక

పిచ్చర్‌కూ ప్లేట్‌కూ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 90 మైళ్ల వేగంతో వచ్చే బంతి సుమారు 0.4 సెకన్లలో చేరుతుంది. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలే. అంపైర్ బ్యాటర్‌కూ క్యాచర్‌కూ మధ్య సందులో నిలబడి, తల కదపకుండా, కళ్లతో మాత్రమే బంతిని గ్లోవ్ దాకా వెంబడించాలి. చేరకముందే నోరు విప్పితే చివర్లో వంగిన బంతి తీర్పును తప్పిస్తుంది. దీనికి ఇంట్లో సాధన చాలదు. దగ్గర్లో పిచ్చర్లు ప్రాక్టీస్ చేసే చోట అనుమతి అడిగి, క్యాచర్ వెనక నిలబడి ఎన్ని బంతులు వీలైతే అన్ని చూడాలి.

ఒక మ్యాచ్‌లో 200కు పైగా బంతులకు వంగి లేవాలి. కాబట్టి తొడలకు, మోకాళ్లకు వ్యాయామం వారాల ముందే మొదలవ్వాలి. మాస్క్, ఛాతీ కవచం, షిన్ గార్డులు వేసుకుని చేస్తే ఇంకా మంచిది. ముందు భాగంలో ఇనుప తొడుగు ఉన్న బూట్లు క్యాంప్ నాటికి పాదానికి అలవాటు పడి ఉండాలి. ఇస్త్రీ చేసిన యూనిఫాం, ప్లేట్ బ్రష్, లెక్క చూసుకునే ఇండికేటర్ ముందురోజే సర్దుకోవాలి.

దిద్దుబాటును అందుకోవడం

శిక్షకుడు తప్పు చెప్పినప్పుడు సంజాయిషీ ఇవ్వాలనిపించడం సహజం. ఆ మాట మింగేయండి. ముందుగా ఏది మార్చుకోమంటారో అడగండి, రాసుకోండి, వచ్చే ఇన్నింగ్స్‌లో అదొక్కటీ చేసి చూపించండి. ఇద్దరు శిక్షకులు రెండు రకాలుగా చెబితే వాదించకుండా, ఆ మైదానంలో ఉన్నవారు చెప్పినట్టు చేయండి. మీ వంతు లేనప్పుడు కూడా ఇతరుల పని చూస్తూ ఉండండి.

ఇదంతా మ్యాచ్‌లు సంపాదించుకోవడానికి మాత్రమే కాదు. కాలేజీ ఆటగాడికి దొరికేవి కొద్ది సీజన్లే. వాటిలో ఒక మ్యాచ్ మీ తీర్పు మీద మలుపు తిరగవచ్చు. ఆ కుర్రాడి శ్రమకు తగినంత శ్రమ మీరూ పడి రావడం అంపైర్‌గా మీ మొదటి బాధ్యత.