తడిగాలి కోరే బొగ్గుముక్క

శ్రీహరికోటకు రైల్లో వచ్చేవాళ్లు దిగేది సూళ్లూరుపేటలో. ఆ దారిన నడిచిన డబ్ల్యూఏపీ-4 ఇంజన్ల మోటార్లలోనూ, పాతరకం జనరేటర్లలోనూ ఒక చిన్న బొగ్గుదిమ్మ ఉంటుంది. అదే కార్బన్ బ్రష్. కదలని తీగకూ తిరిగే రాగి భాగానికీ (కమ్యుటేటర్ లేదా స్లిప్ రింగు) మధ్య కరెంటు దాటించడం దాని పని. ఖరీదైన రాగి అరగకుండా తాను అరగడం కూడా.

తొలి డైనమోలకు రాగితీగల కట్టలు వాడేవారు. అవి రవ్వలు చిమ్మేవి, కమ్యుటేటర్‌ను గీరేసేవి. 1885లో స్కాట్లండ్ ఇంజనీరు జార్జ్ ఫోర్బ్స్ వాటి స్థానంలో కార్బన్‌కు పేటెంటు తీసుకున్నాడు. రాగికంటే బొగ్గు కరెంటును ఎక్కువగా అడ్డుకుంటుంది; రవ్వలు తగ్గడానికి ఆ లోపమే కలిసొచ్చింది.

బ్రష్ మార్చడం చూడ్డానికి సులువే. మెషీన్ ఆపి, స్ప్రింగు ఎత్తి, రాగి జడ విప్పి, పాతది లాగి కొత్తది దించడమే. కానీ కొత్తదాని ముఖం బల్లపరుపు, రింగు గుండ్రం. అందుకే రింగుకు ఉప్పు కాగితం గరుకు పైకి ఉండేలా చుట్టి, బ్రష్ ముఖం ఆ వంపుకు కూర్చునేదాకా లాగుతారు. ఎమరీ కాగితం మాత్రం వద్దు: దాని రేణువులు బొగ్గులో దిగబడి రింగును గీస్తాయి. హోల్డర్‌లో బ్రష్ బిగుసుకోకుండా జారాలి. ఒకే రింగు మీద రెండు రకాలు కలపకూడదు. ఇక రింగు మీద గోధుమరంగు నిగారింపు కనిపిస్తే, కొత్తవాడు మురికనుకుని తోమేస్తాడు. మెషీన్ ఆరోగ్యమంతా అందులోనే ఉంది! రాగి ఆక్సైడు, గ్రాఫైటు, గాలిలోని తేమ కలిసి అల్లిన పొర అది.

తేమ ఎంత ముఖ్యమో రెండో ప్రపంచ యుద్ధంలో తెలిసింది. నేలమీద నిక్షేపంలా పనిచేసిన బ్రష్‌లు ఎత్తున ఎగిరే విమానాల్లో గంటల్లోనే పొడైపోయాయి. గ్రాఫైటు జారుడుతనం దాని సొంతం కాదనీ, నీటి ఆవిరి పెట్టిన భిక్ష అనీ జనరల్ ఎలక్ట్రిక్ శాస్త్రవేత్త రాబర్ట్ సావేజ్ 1948లో ప్రచురించాడు.

ఆ లెక్కన పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోటలో బ్రష్‌కు తేమ కరువు లేదు. ఇనుమును తినే ఉప్పుగాలితోనే తంటా. అసలు చిక్కు ఇక్కడి నుంచి పైకి వెళ్లేవాటిది. 1994 అక్టోబరు 15న పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మోసుకెళ్లిన ఐఆర్‌ఎస్-పీ2 వంటి ఉపగ్రహాల్లో సౌరఫలకాలు సూర్యుడి వైపే ఉండాలంటే, ప్రదక్షిణకు ఒక చుట్టు చొప్పున తిరగాలి. తిరిగే ఫలకం నుంచి కరెంటు రావాలంటే మళ్లీ స్లిప్ రింగులే. శూన్యంలో మామూలు గ్రాఫైటు పనికిరాదు కనుక అలాంటిచోట వెండి, మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన బ్రష్‌లు వాడతారు. రోజుకు 14 చుట్ల చొప్పున ఐదేళ్లకు పాతికవేల పైచిలుకు. నిమిషానికి 1500 చుట్లు తిరిగే జనరేటర్ అన్ని చుట్లూ 17 నిమిషాల్లో పూర్తిచేస్తుంది. కాకపోతే దాని బ్రష్ అరిగితే మార్చడానికి పక్కనే మెకానిక్ ఉంటాడు.