బుకాయింపుకూ ఒక లెక్క ఉంది
పోకర్ బల్ల నుంచి వాయిదా మార్కెట్ దాకా

గోదాములో సరకు లేకపోయినా ఉన్నట్లు నిబ్బరంగా బేరమాడే వ్యాపారిని కొందరు గుండె గలవాడంటారు, మరికొందరు మోసగాడంటారు. ఇటువంటి బుకాయింపులో ధైర్యం కంటే లెక్కే ముఖ్యమని గణిత శాస్త్రజ్ఞులు పోకర్ అనే పేకాట ఆధారంగా నిరూపించి చాలాకాలమైంది.

హంగెరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జాన్ వాన్ నోయ్‌మన్ ఆటల గణితంపై 1928లో ఒక వ్యాసం ప్రచురించారు. 1944లో ఆర్థికవేత్త ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలసి వెలువరించిన గ్రంథంలో పోకర్‌ను వివరంగా పరిశీలించారు. చదరంగంలో ఎదుటివాని బలగం కంటికి కనిపిస్తుంది. పోకర్‌లో ముక్కలు కనిపించవు, వర్తకంలో ఎదుటివాని నిల్వలు కనిపించనట్లే.

తక్కువ ముక్కలతో పెద్ద పందెం కాయడానికి వారు రెండు కారణాలు చూపారు. ఎదుటివాడు బెదిరి ముక్కలు పడేయవచ్చుననేది ఒకటి. దొరికిపోయినా ఆ నష్టం పూర్తిగా వృథా కాదనేది రెండవది. ఒకసారి బుకాయించినవాడికి తరువాత నిజంగా మంచి ముక్కలు పడినా ఎదుటివాడు అనుమానించి షో అడుగుతాడు, పెద్ద పందెం చెల్లిస్తాడు.

మూడింట ఒకటి

ఆఖరి పందెం నాటికి బల్ల మీద 100 రూపాయలు ఉన్నాయనుకోండి. మొదటి ఆటగాడు మరో 100 కాశాడు. రెండవవాడు షో అడగాలంటే 100 వేయాలి, గెలిస్తే 200 లాభం. మొదటివాడి పందేలలో మూడింట ఒకటి బుకాయింపు అయితే, మూడుసార్లు షో అడిగినవాడు రెండుసార్లు వంద చొప్పున పోగొట్టుకుని, ఒకసారి 200 సంపాదిస్తాడు. లాభమూ లేదు, నష్టమూ లేదు. బుకాయింపు అంతకు మించితే ప్రతిసారీ షో అడగడం లాభం. అంతకు తగ్గితే ఎదుటివాడు ముక్కలు పడేసి తప్పుకుంటాడు, మంచి ముక్కలకు గిట్టుబాటు దక్కదు. పందెం 50 రూపాయలే అయితే ఈ నిష్పత్తి నాలుగింట ఒకటికి దిగుతుంది.

షో అడిగేవాడికీ లెక్క ఉంది. 100కు 100 కాసినప్పుడు సగానికి మించి తప్పుకునేవాడిని ఏ ముక్కలతోనైనా దోచుకోవచ్చు. ఇక ఎప్పుడు బుకాయించాలనేది మనసుకు వదిలితే అలవాటు బయటపడుతుంది. కనుక చీటీలు వేసినట్లు నిర్ణయించుకోవాలని సిద్ధాంతం చెబుతుంది.

మొహం చూడని ఆటగాడు

ఎదుటివాని మొహం చదవగలగడమే పోకర్ రహస్యమన్న నమ్మకం 2017 జనవరిలో దెబ్బతిన్నది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం, పిట్స్‌బర్గ్‌లోని ఒక కేసినోలో నలుగురు వృత్తి ఆటగాళ్లతో 20 రోజులపాటు 1,20,000 ఆటలు ఆడి, 17 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టిన బిళ్లల ఆధిక్యంతో నెగ్గింది. అది ఎవరి మొహమూ చూడలేదు, లెక్క తప్పలేదు.

మార్కెట్‌కు వర్తించేదెంత?

వాయిదా వ్యాపారంలో ఒకరి లాభం మరొకరి నష్టం కనుక పోకర్ లెక్క అక్కడికి దగ్గరగా వస్తుంది. కాని ఒక ముఖ్యమైన తేడా ఉంది. పోకర్‌లో బుకాయించేవాడి సొమ్ము బల్ల మీదే ఉంటుంది, కాసిన పందెం వెనక్కు తీసుకోవడానికి వీలులేదు. కొనే ఉద్దేశం లేకుండానే పెద్ద ఆర్డర్లు పెట్టి, ధర కదలగానే రద్దు చేసుకునేవాడు దేనికీ పూచీపడడు. అమెరికాలో 2010లో వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టం దీన్ని నిషేధించింది. 2015లో చికాగోలో ఒక వాయిదా వ్యాపారిని జ్యూరీ దోషిగా తేల్చింది.

రొక్కపు బేరాల్లోనూ ఇదే పరీక్ష పనికివస్తుంది. ఎదుటివాడు పెద్ద నిల్వలు చూపి ధర చెప్పినప్పుడు, ఆ ధరకే కొన్ని బస్తాలు వెంటనే తూచి ఇమ్మని అడగడం షో అడగడంతో సమానం. నిజంగా సరకున్నవాడు కాటా వేయిస్తాడు. లేనివాడు రేపు రమ్మంటాడు.