ఊళ్లో ఇల్లు.. పత్రాలే పునాది

బయానా ఇవ్వకముందే భూమి తీరు తెలుసుకోవాలి

కోటగిరి: ఒకవైపు బోధన్, నిజామాబాద్ పట్టణాలకు రాకపోకల వీలు, మరోవైపు నిజాంసాగర్ కాలువ కింద వరి, చెరకు పొలాలు. పట్టణంలో పని చూసుకుంటూ పల్లెలో నివసించాలనుకునే వారు కోటగిరి వంటి మండల కేంద్రాల్లో ఇల్లు, స్థలం వెతుకుతుంటారు. వీరు ధర కంటే ముందు ఆ భూమి గ్రామకంఠమా, అనుమతి పొందిన లేఅవుటా, సాగుభూమా అన్నది తేల్చుకోవాలి.

గ్రామకంఠంలో..: తరతరాలుగా నివాసాలున్న గ్రామకంఠంలోని ఇళ్లకు పొలాలకు ఉన్నట్లు పట్టా పాసుపుస్తకం ఉండదు. పంచాయతీ ఇంటి నంబరు, పన్ను రసీదు చూపి అమ్మడం సాధారణం. అయితే పన్ను రసీదు ఒక్కటే యాజమాన్య హక్కును నిరూపించదు. ఇల్లు అమ్మకందారుకు ఎలా సంక్రమించిందో తెలిపే పాత దస్తావేజులు చూడాలి. పిత్రార్జితమైతే వారసులందరి సంతకాలు తీసుకోవడం క్షేమం. ఆడపిల్లలకూ ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు కల్పిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1986లో, దేశవ్యాప్తంగా 2005లో చట్టసవరణలు జరిగాయి. అక్కాచెల్లెళ్లను విస్మరించి కొంటే తర్వాత వివాదం తప్పకపోవచ్చు.

గుంటల లెక్కన కొంటే..: ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 గజాలు. సాగుభూమిలో రెండు గుంటలు, అంటే 242 గజాలు కొన్నంత మాత్రాన అది ఇంటి స్థలం కాదు. 2020 నవంబరు నుంచి సాగుభూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు కార్యాలయంలో, ఇళ్లు, స్థలాలవి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో జరుగుతున్నాయి. ఇంటి స్థలమని చెప్పి తహసీల్దారు కార్యాలయానికి రమ్మంటే అది రికార్డుల్లో ఇంకా సాగుభూమేనని గ్రహించాలి. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి పోర్టల్‌లో సర్వే నంబరు వివరాలు సరిచూసుకోవచ్చు. ఇల్లు కట్టాలంటే వ్యవసాయేతర భూమిగా మార్పిడి (నాలా) జరగాలి. ప్లాట్లుగా విభజించి అమ్మేటప్పుడు లేఅవుట్ అనుమతి సైతం ఉండాలి. నాలా ఉన్నంత మాత్రాన లేఅవుట్‌కు అనుమతి ఉన్నట్లు కాదు.

ఈసీలో కనిపించనివి..: ఈసీ 30 ఏళ్లకు తీసుకోవడం మేలు. అందులో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. తెల్లకాగితంపై రాసుకున్న సాదాబైనామా, నోటిమాట పంపకాలు కానరావు. అందుకే ఇంట్లో ఎవరుంటున్నారో, హద్దుల్లో తగాదాలున్నాయో ఇరుగుపొరుగును అడిగి తెలుసుకోవాలి. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపును 1977 నాటి చట్టం నిషేధించింది. నిషేధిత జాబితానూ విధిగా పరిశీలించాలి.

ఖర్చు ఇలా..: స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ తదితర రుసుములు 2021 జులై 22 నుంచి మొత్తం 7.5 శాతానికి పెరిగాయి. ఆ లెక్కన రూ.10 లక్షల విలువకు రూ.75 వేలవుతుంది. కొన్న ధర, ప్రభుత్వ మార్కెట్ విలువల్లో ఏది ఎక్కువైతే దానిపైనే లెక్కిస్తారు.

పత్రాల నకళ్లు చేతికందాకే బయానా ఇవ్వాలి. పత్రాల్లో లోపం బయటపడితే సొమ్ము తిరిగివ్వాలనే షరతును ఒప్పందంలో రాయించుకోవాలి. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముకు అదే భరోసా.