మడక చప్పుడూ, మాయమైన అక్షరమూ

బద్వేలు సీమలో మడక దున్నే రైతు యెద్దులను కదిలించడానికి ఒక చప్పుడు చేస్తాడు. నాలుకను పక్కపళ్ళకు ఆనించి చటుక్కున లాగుతాడు. ట్రాక్టర్లు వచ్చాక అదీ తగ్గిపోతున్నదనుకోండి. పిల్లవాడు పడితే తల్లి జాలిగా చేసే 'చ్చొ, చ్చొ' కూడా నాలుక చప్పుడే. రెండూ మనకు వచ్చు గాని కాగితం మీద పెట్టమంటే కుదరదు. మన యాభై ఆరు అక్షరాల్లో వాటికి చోటు లేదు మరి!

దక్షిణాఫ్రికాలో షోసా అనే భాష వున్నది. నెల్సన్ మండేలా మాతృభాష అదే. వాళ్ళకు యీ చప్పుళ్ళే హల్లులు. చప్పుడు మారితే మాటకు అర్థమే మారిపోతుంది. పొరుగున వుండే ఖోయిసాన్ జాతుల వద్దనుంచి వాళ్ళు వీటిని నేర్చుకున్నారు. 19వ శతాబ్దంలో మిషనరీలు ఆ భాషను రోమన్ లిపిలోకి దించబోయి, తమకు పని లేక మిగిలిన సీ, క్యూ, ఎక్స్ అనే మూడక్షరాలను వీటికి కేటాయించారు. సీ అంటే మన తల్లి జాలి చప్పుడు. ఎక్స్ అంటే అచ్చంగా మన మడక రైతు అదిలింపు! క్యూ మాత్రం సీసా బిరడా వూడినట్టు టప్పుమంటుంది. మిరియం మకేబా పాడిన పెళ్ళిపాటలో యీ టప్పుళ్ళు విని ప్రపంచమంతా ముచ్చటపడింది. దాని అసలు పేరు నోరు తిరగక, పరాయివాళ్ళు 'క్లిక్ సాంగ్' అన్నారు.

వాళ్ళు లేని అక్షరాన్ని తెచ్చుకున్నారు. మనం వున్నదాన్ని పోగొట్టుకున్నాం. అదీ యెక్కడో కాదు, కడప జిల్లాలోనే ఆనవాలు దొరుకుతుంది. క్రీ.శ. 575 నాటి కలమళ్ళ శాసనం వేయించిన రేనాటి రాజుల వంశం పేరు చోళులా, చోడులా? మాలెపాడు రాగిరేకుల్లో వున్నది యీ రెండూ కాదు, 'చోఴ'. ఆ 'ఴ' తమిళుల నోట నేటికీ బతికే వున్నది. వాళ్ళ 'ఏఴు' మనకు ఏడు, వాళ్ళ 'కోఴి' మనకు కోడి. నన్నయగారి నాటికే మన లిపినుంచి అది తప్పుకున్నది. బండి 'ఱ' అదృష్టం కొంత మేలు. నోట 'ర'లో కలిసిపోయినా, ప్రాసలో తేడా చూసే కవుల పుణ్యాన శతాబ్దాలు నిలిచింది.

2014లో 'ఴ'కు కంప్యూటరు లిపి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇప్పుడు మాలెపాడు రేకులను వున్నదున్నట్టు అచ్చు వేయవచ్చు. పైకి చదివి వినిపించాలంటే మాత్రం తమిళ మిత్రుణ్ణి పిలవవలసిందే.